అవ్యక్తమునకు పేరు

ఆరవ తరగతి గణిత పుస్తకమున బీజగణిత పరిచయమను పాఠము వచ్చిన దినమున తరగతి తీరే మారిపోవును. నిన్నటివరకు కూడికలు, తీసివేతలు, భిన్నములు గడగడ చేసిన పిల్లలు ఆనాడు కలము చేతబట్టి ఊరక కూర్చుందురు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల - ఈ మూడూళ్ల బడులలోను మేము పాఠము చెప్పియున్నాము. మూడింటను ఇదియే కంటిమి. ప్రొద్దుటూరున అంగడి బిడ్డలు కలరు; వారికి బేరపు లెక్క నోటిమీద నుండును. పులివెందులలో కాపు బిడ్డలు కలరు. వారికి ఎకరా దిగుబడి, మోటారు కరెంటు గంటలు, కూలి రేట్లు కంఠస్థములు. అట్టి పిల్లలే ఒక్క యక్షరము కనబడగానే చేతులు ముడుచుకొందురు.

కొన్నేండ్ల క్రిందట జమ్మలమడుగు బడిలో ఒక బాలిక లేచి, "సార్, ఎక్స్ అంటే ఏంది సార్?" అని యడిగెను. తెలియని సంఖ్య యని మేము బదులు చెప్పితిమి. "తెలియకపోతే దాన్ని ఎట్ల కూడేది సార్?" అని ఆమె మరల నడిగెను. అప్పుడే గంట కొట్టుట మా యదృష్టము. ఆ పిల్ల యడిగినది అల్పమైన ప్రశ్న కాదు. తెలియని దానిని తెలిసినట్లు పట్టుకొని కూడుట, తీయుట, పంచుట ఎట్లని మనుష్యజాతి యంతయు కొన్ని వందల యేండ్లు తనలో తాను ప్రశ్నించుకొనెను. ఆ చరిత్ర తెలియక పాఠము చెప్పుచుంటిమే యని మాకు సిగ్గు కలిగినది. అటుపిమ్మట మేము చదివి, విచారించి తెలిసికొన్నది చదువరుల ముందుంచుచున్నాము.

ఆర్యభటుడు 499-వ సంవత్సరమున, తన యిరువదిమూడవ యేట, ఆర్యభటీయమును రచించెను. అందలి గణితపాదమున ఒక చిన్న సూత్రము కలదు. ఇరువురు మనుష్యులున్నారు. ఒక్కొక్కనియొద్ద కొన్ని గుళికలును, కొన్ని రూపకములును కలవు. ఇరువురి ధనమును సమానము. గుళిక వెల యెంత? రూపకముల తేడాను గుళికల తేడాతో భాగింపుమని యాయన విధి. గుళిక యనగా చిన్న పూస, ఉండ. దాని వెల తెలియదు. ఐనను అది చేతిలో నున్నది, లెక్కింపదగియున్నది. తెలియనిది వెల మాత్రమే. జమ్మలమడుగు బాలిక ప్రశ్నకు పదునైదు వందల యేండ్ల క్రిందటనే సమాధానము సిద్ధముగా నుండెనని దీనివలన మాకు తోచినది.

628-లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమును వ్రాసెను. అందు కుట్టకాధ్యాయమున తెలియని రాశిని అవ్యక్తమనెను. ఒకటి కంటె నెక్కువ అవ్యక్తములున్న యెడల వానిని వర్ణములనెను. ఆయన చేసిన మరియొక పని మా ప్రాంతపు వారికి మరింత దగ్గరిది. సున్న కంటె ఎక్కువైన రాశిని ధనమనియు, తక్కువైన రాశిని ఋణమనియు పేర్కొని, వాని కూడిక తీసివేతలకు, గుణకారమునకు నియమములు చెప్పెను. ధనము, ఋణము - అనగా కలిమియు, అప్పును. వానలు తప్పుట వాడుకయైన రేనాటి సీమలో అప్పనగానేమో యే పిల్లవానికిని విడమరచి చెప్పనక్కరలేదు. అయినను మన బడులలో ఋణసంఖ్యను బోధించుటకు చలిదేశముల ఉష్ణమాపకమును చూపించుచున్నాము. మంచు గడ్డకట్టుట నెన్నడును చూడని పిల్లలకు సున్నకు దిగువ డిగ్రీలు చెప్పుట మాకెప్పుడును వింతగనే తోచును.

1150-లో భాస్కరాచార్యుడు తన బీజగణితమున ఈ మార్గమును చక్కగా తీర్చిదిద్దెను. మొదటి అవ్యక్తమునకు ఆయన యావత్తావత్తను పేరు వాడెను. రెండవదానికి కాలకము, మూడవదానికి నీలకము, ఆపై పీతకము, లోహితకము - నలుపు, నీలము, పసుపు, ఎఱుపు. వ్రాయునపుడు యా, కా, నీ, పీ, లో యని మొదటి యక్షరములు చాలును. తెలిసిన సంఖ్యకు రూపమను మాటనుండి రూ అని వ్రాయుదురు. ఋణమైన యెడల పైన ఒక చుక్క. వర్ణమనగా రంగనియు, అక్షరమనియు రెండర్థములుండుట ఈ యేర్పాటునకు ఎంత చక్కగా నమరినదో చదువరులు గమనింతురు గాక.

ఇందులో మమ్ము ఆకర్షించినది యావత్తావత్తను మాటయే. "ఎంతయో అంత" యని దాని యర్థము. ఇది వస్తువు పేరు కాదు, పరిమాణము పేరు. గుఱ్ఱమును గాని, పూసను గాని ఆ మాట చెప్పుట లేదు. "ఎంత" యను దానినే చెప్పుచున్నది. భాస్కరుని ప్రసిద్ధమైన ప్రశ్నను చూడుడు. ఒకనియొద్ద 300 రూపకములును 6 గుఱ్ఱములును కలవు. రెండవవానికి 10 గుఱ్ఱములు కలవు గాని 100 రూపకముల అప్పున్నది. ఇరువురును సమాన ధనవంతులే. గుఱ్ఱము వెల యెంత? ఆ వెలకు యా యని పేరిడిన పిమ్మట కష్టమేమున్నది? 6 యా + 300 = 10 యా − 100. రెండు ప్రక్కలనుండి ఆరేసి యాలను తీసిన 300 = 4 యా − 100. అప్పును తీర్చివేసిన 400 = 4 యా. గుఱ్ఱము వెల 100. ఇరువురి యాస్తియు 900.

ఈ విద్య పడమటి దేశములలో నెట్లు వర్ధిల్లెనో సంగ్రహముగ చెప్పుదుము. సుమారు 820 ప్రాంతమున బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ యను పండితుడు ఒక గ్రంథము వ్రాసెను. దాని పేరిటనున్న అల్ జబ్ర్ అను మాటయే నేడు ఇంగ్లీషున ఈ శాస్త్రమునకు పేరై నిలిచినది. ఆ మాటకు విఱిగినదానిని అతుకుట, పోయినదానిని పూర్వస్థితికి తెచ్చుట యని యర్థము. ఒక ప్రక్క ఏదైన తీసివేయబడియున్న యెడల, ఆ తీసినదానిని మరల చేర్చి పూరించి, రెండవ ప్రక్కను కూడ అంతే చేర్చుట యను క్రియకు ఆయన పెట్టిన పేరది. అరబ్బులు స్పెయినును ఏలిన కాలమున ఆ మాట అచ్చటికిని చేరి, ఎముకలు కట్టు వైద్యునికి స్పానిషు భాషలో అల్‌జబ్రిస్తా యను పేరు కలిగినది. ఈ సంగతి చెప్పినప్పుడెల్ల మా తరగతిలో పిల్లలు నవ్వుచు "పుత్తూరు కట్టు సార్!" అందురు. చిత్తూరు సీమలోని ఆ యూరి ఎముకల కట్టు మా ప్రాంతమున నెఱుగని యిల్లుండదు. సమీకరణములో తీసివేయబడినదానిని తిరిగి చేర్చుటకు మా పిల్లలు నేటికిని "కట్టు కట్టుట" యనియే యందురు. ఆ పేరు మేము పెట్టినది కాదు, వారే పెట్టుకొన్నది.

అరబ్బులు అవ్యక్తమును "వస్తువు" అనిరి. ఇటలీ వారు దానిని తమ భాషలో "కోసా" యనిరి. 1591-లో వియేత్ అను ఫ్రెంచి పండితుడు తెలియని రాశులకు అచ్చులను, తెలిసిన రాశులకు హల్లులను వాడెను. 1637-లో దెకార్త్ వర్ణమాల చివరి యక్షరములను అవ్యక్తములకు కేటాయించుటతో నేటి ఎక్స్ పుట్టినది. సమానమను గుర్తు కూడ అంత ప్రాచీనమైనది కాదు; 1557-లో రికార్డ్ అను వేల్సు దేశీయుడు రెండు సమాన రేఖలను గీసి దానిని కల్పించెను. ఇంతయు చెప్పుటలో మా యభిప్రాయము, సర్వమును మనవారే కనిపెట్టిరని జబ్బలు చరచుకొనుట కాదు. అట్టి మాటలు సభలలో చప్పట్లకు పనికివచ్చును గాని ఏడవ తరగతి పిల్లవానికి ఒక్క లెక్కయైనను నేర్పవు. పైగా, మనవారు కనిపెట్టిన దానిని మనవారిలో ఎందఱి కిచ్చిరను ప్రశ్నయు వెంటనే పుట్టును.

ఆ ప్రశ్ననే తెలుగు దేశమున నిలుపుదము. 850 ప్రాంతమున, రాష్ట్రకూట నృపతుంగుడు ఏలుచుండగా, మహావీరాచార్యుడను జైన పండితుడు గణితసారసంగ్రహమును సంస్కృతమున రచించెను. పదునొకండవ శతాబ్దిలో పావులూరి మల్లన దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చెను. రాజరాజనరేంద్రుని కాలమువాడు తాతయో మనుమడో యని పండితులలో వాదమున్నది. దానిలోనికి మేము పోము. మన భాషలో శాస్త్రగ్రంథము వెలయుట అంత తొలికాలముననే జరిగెననుట మాత్రము సత్యము. పావులూరి గణితము వ్రాతప్రతులలో తరతరములు నిలిచెను. కరణములును వీధిబడి పంతులును దానిని నమ్ముకొనిరి. మహావీరుని మూలమును రంగాచార్యులవారు ఇంగ్లీషు అనువాదముతో 1912-లో మదరాసున ప్రకటించిరి.

అయితే మల్లన తెచ్చినది పాటీగణితము. ఒక్కొక్క తరహా ప్రశ్నకు ఒక్కొక్క సూత్రము. అసలు, వడ్డీ కలిసిపోయిన మొత్తము నుండి అసలును విడదీయుట కొకటి, పాలు పంచుకొనుటకు మరియొకటి. సూత్రము వచ్చినవానికి లెక్క వచ్చును. రానివాడు వచ్చినవాని యిల్లు వెదకుకొనుచు పోవలెను. ఎంతయో తెలియనిదానికి ఒక పేరు పెట్టి, ఏ ప్రశ్ననైన ఒకే దారిన నడిపించు బీజగణితము సంస్కృతము చదివిన కొందఱి యొద్దనే మిగిలెను. తెలుగు వీధిబడిలో ప్రచారము పొందినది సూత్రముల గణితమే. లెక్క తెలిసిన కులములొక ప్రక్కను, లెక్క చెప్పించుకొను కులములొక ప్రక్కను నిలిచిపోవుటకు ఇది యొక్కటే కారణమని మేమనము. కాని ఇదియు నొక కారణమే. కవిలెకట్ట ఎవని చంకలో నుండునో వాని మాటయే ఊరిలో చెల్లెను. మన రాష్ట్రమున వంశపారంపర్యపు గ్రామాధికారములు రద్దగుటకు 1984-వ సంవత్సరము రావలసివచ్చినది.

ఆ వీధిబడు లెట్లుండెనో చెప్పు సాక్ష్యమొకటి మనకు దొరకుచున్నది. 1800-లో నిజాము తన దక్షిణపు సీమను కుంపిణీవారి కిచ్చివేసెను. కడపయు బళ్లారియు ఆ దత్తమండలములోనివే. దాని మొదటి ప్రధాన కలెక్టరు మన్రో. ఆయనయే తరువాత మదరాసు గవర్నరై, 1822-లో జిల్లాల యందలి నాటుబడులను గూర్చి విచారింపుమని కలెక్టరుల కుత్తరువు చేసెను. బళ్లారి కలెక్టరగు కాంబెల్ - ఇతడు తెలుగు వ్యాకరణమొకటి వ్రాసినవాడే - 1823 ఆగస్టులో వివరమైన నివేదిక పంపెను. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట, పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పుట, ఎక్కములు వల్లించుట, అన్నియు నందున్నవి. తక్కువ ఖర్చుతో నడచు ఆ పద్ధతిని ఆయన మెచ్చుకొనెను. అర్థము తెలియక పద్యములను వల్లెవేయుటను మెచ్చుకొనలేదు.

ఆ నివేదికలో ఒక విశేషము కలదు. తెల్లవారుజామున అందఱి కంటె ముందు బడికి వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురట. రెండవవాని చేతిలో సున్న పెట్టుదురట. అతడు పొగడ్తకును తగడు, తెగడ్తకును తగడని భావము. మూడవవానికి బెత్తముతో ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు. ఇట్లు వెనుకబడినకొలది ఒక్కొక్కటి పెరుగును. ఈ భాగము చదివినప్పుడు మేము చాలసేపు పుస్తకము మూసి కూర్చుంటిమి. సున్నకు ఈ ప్రక్క ధనము, ఆ ప్రక్క వరుసగా ఋణములు! ధనఋణసంఖ్యల వరుసయే ప్రతి యుదయమును మన పిల్లల అరచేతులపై నడచుచుండెను. దానిని పాఠముగా మలచు పంతులు లేకపోయెను. దెబ్బలు మాత్రము లెక్క తప్పలేదు.

మరియొక లెక్కయు నందే యున్నది. ఆ జిల్లాలో నాటుబడులు 533. చదువుకొను పిల్లలు 6,641 మంది. వారిలో ఆడపిల్లలు 60 మంది. చదువరులు ఈ సంఖ్యను ఒక్కనిమిషము తలచుకొనవలెనని మనవి. నూటికొక్క పిల్లయైన లేదు.

తరువాత ఇంగ్లీషు చదువులు వచ్చినవి. భాస్కరుని లీలావతిని, బీజగణితమును కోల్‌బ్రూక్ 1817-లోనే లండనున ఇంగ్లీషులో ప్రకటించెను. ఢిల్లీ కాలేజీ పండితుడు రామచంద్రుడు 1850-లో వ్రాసిన గ్రంథమును, మన మధురలో పుట్టిన డి మోర్గన్ 1859-లో లండనున మరల అచ్చువేయించి పరిచయము చేసెను. హిందువులకు సహజమైన బీజగణిత మార్గముననే ఉన్నత గణితమును నేర్పవలెనని రామచంద్రుని తలంపు. ఇవన్నియు పండితుల మధ్య జరిగిన మాటలు. బడిలోనికి వచ్చినవి సీమ పాఠ్యపుస్తకములు. 1885-లో వెలువడిన హాల్, నైట్ అను వారి బీజగణితము మన పెద్దల తరమును శాసించెను. మంచి పుస్తకమే, మేమును దాని యభ్యాసములు చేసి పెరిగినవారమే. కాని అందలి ఎక్స్ తల్లియు తండ్రియు లేని బిడ్డవలె మన బడికి వచ్చెను. దాని పూర్వికులు ఈ దేశమున తిరిగినారని పంతులును చెప్పలేదు, పిల్లవాడును అడుగలేదు. బీజగణితమను సంస్కృతపు పేరు అట్టమీద మిగిలెను. లోపలి యావత్తావత్తు జాడ లేకపోయెను.

దాని ఫలితము నేటికిని కనబడును. అక్షరమును పిల్లలకు దగ్గర చేయవలెనని కొందఱుపాధ్యాయులు - మేమును చేసితిమి, దాపరికమేల - "అ యనగా అరటిపండు, మా యనగా మామిడిపండు, మూడు అలును రెండు మాలును కూడవు కదా" యని చెప్పుదురు. ఆ దినమున పాఠము సాఫీగా సాగును. నెల తరువాత చిక్కు బయలుపడును. అరటిపండును మామిడిపండుతో గుణింపుమన్న పిల్లవాడేమి చేయును? అక్షరము వస్తువునకు గుర్తని వాని మనసున నాటుకొన్నది. అక్షరము నిలుచునది పండునకు కాదు, పండ్ల సంఖ్యకో, వెలకో. 1970 దశకమున ఇంగ్లండున కూచెమన్ అను పరిశోధకుడు పిల్లలను పరీక్షించి, అక్షరమును వస్తువుగా భావించు ఈ పొరపాటును ప్రత్యేకముగ గుర్తించెను. మాది అక్కడను గలదని తెలిసి కొంత ఊరట చెందితిమి. "ఎంతయో అంత" యను పాతపేరు పోగొట్టుకొనకుండిన ఈ పొరపాటునకు చోటుండెడిది కాదు గదా యని విచారమును పొందితిమి.

ఇక్కడ మా యింటి సంగతి యొకటి చెప్పక తప్పదు. మా మేనత్త పులివెందుల దగ్గరి పల్లెలో కాపురము చేసిన మనిషి, బడి ముఖమెఱుగదు. చిన్నతనమున మాకామె యొక పొడుపులెక్క వేసెడిది. ఆకాశమున పోవు కొంగలు చెట్టుమీది కొంగతో, "మేమును, మాయంతమందియు, మాలో సగమును, ఆ సగములో సగమును, నీవును కలిసిన నూరగుదుము" అన్నవట, అవి యెన్ని? తెలుగునాట ఈ లెక్క తెలియని ముసలివారుండరు. ఆమె నాలుగు చింతగింజలు తీసి, నాలుగు, నాలుగు, రెండు, ఒకటి యని పేర్చి, పదునొకండన్నది. నూరులో ఒంటికొంగను తీసిన తొంబదితొమ్మిది. పదునొకండ్లు తొమ్మిది తొంబదితొమ్మిది. నాలుగు తొమ్మిదులు ముప్పదియారు. నాలుగే యేల తీసితివని మేమడిగితిమి. "రెండు మార్లు సగం చేయాల గదా నాయనా, విరక్కుండా ఉండాలంటే నాలుగే" అన్నది. లీలావతిలో దీనికి ఇష్టకర్మమని పేరు. ఇష్టము వచ్చిన సంఖ్యను ఊహించి, వచ్చిన ఫలమును సరిజేయుట. ఆ మాట మేము కాలేజీలో చదివినప్పుడు మా కన్నుల ముందు నిలిచినది భాస్కరుడు కాదు, ఆమె చేతిలోని చింతగింజలు.

అంతటి మనిషి ఒక లెక్క దగ్గర ఓడిపోయినది. మామగారు ఒక సాహుకారునొద్ద అప్పు తెచ్చి, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి పత్రము వ్రాసియిచ్చి, ఏడాది తరువాత వేయి రూపాయలు కట్టి, పిమ్మట కాలము చేసెను. అసలెంతయో ఆమెతో చెప్పలేదు. రెండేండ్లు నిండగానే సాహుకారు, వడ్డీతో కలిపి, కట్టిన వేయిని మినహాయించి, 6,400 రూపాయలు బాకీయని చెప్పెను. అసలు నాలుగు వేలేయని పెద్దల మాట. ఆమె చింతగింజలు తీసినది. అసలు నూరనుకొన్న, రెండేండ్లకు వడ్డీతో 148. అందులో వేయి తీయుటెట్లు? ఊహ సాగలేదు. అడుగుటకు మొగము చెల్లక, ఒక యెకరము అమ్మి, వ్రేలిముద్ర వేసి బాకీ తీర్చినది.

ఆ పత్రము చింపివేసిన యిరువదియేండ్లకు ఆమె ఈ సంగతి మాతో చెప్పినది. కొంగల లెక్కలో ఒంటికొంగను తీసినట్లే, ఇక్కడ తీసిన వేయిని మరల చేర్చుమని మేమంటిమి. కట్టు కట్టవలెను. 6,400-కు వేయి చేర్చిన 7,400. అది అసలును, రెండేండ్ల వడ్డీయు. ఆమె మమ్ము తరువాతి మాట చెప్పనీయలేదు. "నూటికి నూటనలభైయెనిమిది... యాభై మార్లు... ఐదువేలు" అన్నది. కొంతసేపటికి, "నాలుగు కాదన్నమాట" యని మెల్లగా పలికినది. సాహుకారు వ్రాసికొన్నది తప్పో, పెద్దలు విన్నది తప్పో ఇక తేలదు. ఆమెకు కావలసిన అడుగు ఒక్కటే; తెలియనిదానికి ఒక పేరు పెట్టి, దానిచుట్టును చేరినవానిని ఒక్కొక్కటిగా విప్పుట. ఆ యడుగు ఆమె యూరిబడిలో ఆమెకు దొరకలేదు.

ఆమె చెప్పిన దినము నుండి మా బోధన మారినది. ఇప్పుడు మేము మొదటి వారమున ఎక్స్ వ్రాయము. మా బడుల నేల తరచు నాపబండలదే. జమ్మలమడుగు, యెర్రగుంట్ల గనుల రాయి. పిల్లలు సుద్దముక్కలతో బండమీదనే లెక్క వ్రాయుదురు. ఇసుకలో దిద్దిన పాత వీధిబడికిని దీనికిని ఎంతో దూరము లేదు. తెలియనిచోట వారు "ఎంత" అని వ్రాయుదురు. మూడు ఎంతలును, ఐదును కలిసిన ఇరువది, ఎంత యెంత? మూడు ఎంతలను, ఐదును కలిపి ఎనిమిది ఎంతలని వ్రాయువాడు అప్పుడరుదు, ఏలయన ఐదు "ఎంత" కాదని మాటయే చెప్పుచున్నది. కొన్నాళ్లకు "ఎంత" వ్రాయుట విసుగై, వారే "ఎం" అందురు. అప్పుడు పుస్తకము తెఱచి ఎక్స్ చూపుదుము. ఇప్పటి ద్విభాషా పుస్తకములలో ఒక పుట తెలుగును, ఎదుటి పుట ఇంగ్లీషును ఉండుటవలన ఈ దాటుట సులభమైనది.

ప్రొద్దుటూరున త్రాసు బాగుగ పనికివచ్చెను. బంగారు అంగళ్ల ఊరది. గురివింద గింజలతో తూచిన కాలపు కథలు అక్కడి స్వర్ణకారుల యిండ్ల పిల్లలకు నేటికిని తెలియును. రెండు తట్టలలోను ఒకే బరువు తీసిన ముల్లు కదలదని వారికి వేరుగ చెప్పనక్కరలేదు. కాని త్రాసును నమ్మి రెండవ వారము కూడ సాగితిమేని చిక్కు వచ్చును. త్రాసులో అప్పును పెట్టుటెట్లు? భాస్కరుని రెండవ మనుష్యుని నూరు రూపకముల ఋణము ఏ తట్టలోను తూగదు. అక్కడ త్రాసు ప్రక్కన పెట్టి ఖాతాపుస్తకము తీయుదుము. జమా యొక ప్రక్క, ఖర్చొక ప్రక్క. ఇది మాకు కొందఱు తోడి యుపాధ్యాయులతో వాదము తెచ్చినది. చిన్నపిల్లలకు అప్పుల మాట యేలయని వారందురు. ఇంటిలో రాత్రింబవళ్లు వినుచున్న మాట బడిలో వినిన చెడిపోవుదురా యని మేమందుము.

పులివెందులలో చీనీతోటలు మెండు. కాయ కోతకు వచ్చినప్పుడు వ్యాపారులు తోట యొద్దకు వచ్చి టన్ను లెక్కన బేరమాడుదురు. టన్నుకు ఇన్ని కిలోలని సూటు తీయుదురు. అనగా కాయ పోవుచునే యుండును, దానికి రూక రాదు. ఏడవ తరగతి చదువుచుండిన యొక బాలిక యింటికి ఒక యేట ఇరువురు వ్యాపారులు వచ్చిరి. ఒకడు టన్ను 22,000 అని, 100 కిలోల సూటడిగెను. రెండవవాడు సూటు లేక 20,500 అనెను. తండ్రి మొదటివానికే మొగ్గెను. పెద్ద అంకె కదా. బాలిక లోపలికి పోయి లెక్క వ్రాసినది. సూటు తీసిన వ్యాపారి 1,100 కిలోలు మోసికొనిపోయి 22,000 ఇచ్చును. సూటు లేని టన్ను ధర "ఎంత" అనుకొన్న, పదింట పదునొకండు పాళ్ల ఎంత 22,000. ఎంత యన 20,000.

మరునాడు ఆమె మా బల్లమీద ఆ కాగితము పెట్టినది. వెనుకప్రక్క తండ్రి చేతివ్రాతతో మరియొక లెక్క కలదు: పదునొకండు టన్నుల కాయకు ఒకవైపు 2,20,000, రెండవవైపు 2,25,500, క్రింద గీత గీసి, 5,500. ఆయన ఐదవ తరగతితో చదువు మానినవాడు. కూతురు చెప్పినదానిని తన దారిన తాను మరల చేసి చూచికొన్నాడు. ఆ గీతకు దిగువన పెన్సిలుతో ఒక ప్రశ్న కూడ వ్రాసి పంపెను: సూటు నూటయేబది కిలోలైతే ఎంత?